చేతిలో పట్టే రేడియో స్కానర్: వచ్చే మోడల్‌లో నాకేం కావాలంటే

ఈరోజు మాట్లాడుకునే వస్తువుని మీలో చాలామంది చూసి ఉండరు. దాని పేరు రేడియో స్కానర్. చూడ్డానికి వాకీటాకీలాగే ఉంటుంది కానీ దీంట్లో మాట్లాడలేం, వినగలం అంతే. అమెరికాలో ఫైర్ ఇంజిన్ వాళ్లు, అంబులెన్స్ వాళ్లు, ఎయిర్‌పోర్ట్ టవర్, రైళ్లు నడిపేవాళ్లు, వాతావరణ హెచ్చరికలు ఇచ్చేవాళ్లు, వీళ్లందరికీ వేరువేరు ఫ్రీక్వెన్సీలు ఉంటాయి. స్కానర్ వాటన్నిటినీ వరసగా చుట్టేస్తూ, ఎక్కడ మాట వినిపిస్తే అక్కడ ఆగుతుంది. మాట అయిపోగానే మళ్లీ పరుగు.

2019లో బీటెక్ అవ్వగానే నేను ఎంఎస్‌కి డాలస్ వెళ్లాను. తర్వాత ఉద్యోగం కూడా అక్కడే. మా రూమ్మేట్ తాడేపల్లిగూడెం కుర్రాడు. వాడికి ఈ పిచ్చి ఉండేది, నాకూ అంటించాడు. అక్కడ స్కానర్ కొనుక్కుని ఇంట్లో వినడం మామూలు విషయం. కొన్ని రాష్ట్రాల్లో కారులో పెట్టుకోవడానికి మాత్రం ఆంక్షలు ఉన్నాయి. ఇండియా సంగతి వేరు. అది చివర్లో చెప్తాను, అప్పటిదాకా ఎవరూ కార్ట్‌లో ఏమీ వెయ్యకండి.

నా గొడవ ఏంటంటే, స్కానర్‌లో రేడియో అనే భాగం బాగా ముందుకెళ్లింది. దాని చుట్టూ ఉన్న బ్యాటరీ, పోర్టు, ఫిల్టరు, స్పీకరు ఇవి మాత్రం ఎప్పుడో ఆగిపోయాయి. సరదాకి వినేవాడికి పర్లేదు. కానీ ఈ వస్తువు నిజంగా అక్కరకొచ్చేది కరెంటూ సెల్ సిగ్నలూ రెండూ పోయినప్పుడు. అప్పుడు చేతులెత్తేసేది సరిగ్గా ఈ భాగాలే.

ముందు బాగుపడింది ఏంటో చెప్తాను, లేకపోతే అన్యాయం అవుతుంది. 1970ల్లో స్కానర్ కొంటే ఒక్కో ఛానల్‌కి ఒక్కో క్రిస్టల్ విడిగా కొని లోపల గుచ్చాలి. ఎనిమిది ఛానళ్లు కావాలంటే ఎనిమిది క్రిస్టల్స్. తర్వాత ఫ్రీక్వెన్సీని బటన్లతో నొక్కే రోజులు వచ్చాయి. తర్వాత ట్రంకింగ్ వచ్చింది. ట్రంకింగ్ అంటే బ్యాంకులో టోకెన్ మిషన్ లాంటిది. ఫలానా బృందానికి ఫలానా కౌంటర్ అని శాశ్వతంగా ఉండదు. మాట్లాడాలనుకున్న ప్రతిసారీ కంట్రోల్ ఛానల్ అనే మిషన్ చూసి, ఏ ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉంటే అది ఇస్తుంది. స్కానర్ ఆ టోకెన్ బోర్డు చదువుతూ వెంటపడాలి.

దాని తర్వాత అసలు తలనొప్పి, సైమల్‌కాస్ట్. మన ఊళ్లో జాతర గుర్తుతెచ్చుకోండి. వీధికో మైకు కడతారు. అన్నిట్లో ఒకే పాట. మీరు రెండు మైకుల మధ్య నిలబడితే ఒకటి ముందు, ఒకటి అరక్షణం వెనక వినిపించి మాట ముద్దైపోతుంది. పెద్ద నగరాల రేడియో వ్యవస్థలు ఇదే పని చేస్తాయి. నాలుగైదు టవర్ల నుంచి ఒకే ఫ్రీక్వెన్సీలో, ఒకే క్షణంలో, ఒకే డిజిటల్ సిగ్నల్ పంపుతాయి. అది ఒక్కో టవర్ నుంచి మన దగ్గరికి మైక్రోసెకన్ల తేడాతో చేరుతుంది. పాత స్కానర్లు సిగ్నల్‌లో ఫ్రీక్వెన్సీ ఎలా ఊగుతోందో అదొక్కటే చూసేవి, దాంతో ఈ ముద్దలోంచి మాటని విడదీయలేకపోయేవి. అందుకే టవర్ కిందే ఉన్నా మాట ముక్కలు ముక్కలుగా వచ్చేది. 2018లో యూనిడెన్ కంపెనీ ఎస్‌డీఎస్‌100 అని తెచ్చింది. అది సిగ్నల్ బలాన్నీ ఫేజ్‌నీ రెండూ కలిపి కొలుస్తుంది. దీన్ని ఐ-క్యూ రిసీవర్ అంటారు. నిజమైన సాఫ్ట్‌వేర్ రేడియో అన్నమాట. సైమల్‌కాస్ట్ బాధ చాలావరకు తీరింది. ధర ఏడు వందల డాలర్ల దగ్గర. చిన్న మొత్తం కాదు.

ఇప్పుడు బ్యాటరీ. నేను ఎక్కువసేపు మాట్లాడేది దీని గురించే.

2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుఫాను వచ్చింది. ఫిబ్రవరి 16న డాలస్‌లో ఉష్ణోగ్రత మైనస్ 19 సెల్సియస్‌కి పడింది. గ్రిడ్ కుప్పకూలకుండా లక్షల ఇళ్లకి కరెంటు తీసేశారు. మా అపార్ట్‌మెంట్‌లో హీటర్ లేదు, వైఫై లేదు, ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. దుప్పట్లన్నీ కప్పుకుని స్కానర్ పెట్టుకున్నాం. ఎక్కడ పైపులు పగిలాయి, ఎక్కడ రోడ్డు మూశారు, వెచ్చగా ఉండే షెల్టర్లు ఎక్కడ తెరిచారు, అన్నీ అందులోంచే తెలుస్తున్నాయి. సాయంత్రానికి బ్యాటరీ అయిపోయింది. అది ఆ కంపెనీ తయారుచేసిన ప్రత్యేక ఆకారపు బ్యాటరీ. ఇంకోటి బయట దొరికేది కాదు, దొరికినా ఆ రోజు ఏ షాపూ తెరిచి లేదు. పవర్‌బ్యాంక్ ఉంది కానీ ఈ చలిలో లిథియం-అయాన్ బ్యాటరీని సున్నా కంటే కింద ఛార్జ్ చెయ్యకూడదు, చేస్తే లోపల పాడవుతుంది. పక్క ఫ్లాట్‌లో ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన దగ్గర పాత అనలాగ్ స్కానర్, పెన్సిల్ సెల్స్‌తో నడిచేది. డ్రాయర్‌లో సెల్స్ పెట్టె ఉంది. అయిపోతే మార్చుకుంటున్నాడు, అంతే. 162 మెగాహెర్ట్జ్ దగ్గర అమెరికా వాతావరణ రేడియోకి ఏడు ఛానళ్లు ఉన్నాయి. ఆ రాత్రి మేం ముగ్గురం ఆయన వంటగదిలో కూర్చుని అదే విన్నాం.

హుద్‌హుద్ తుఫాను టైమ్‌లో విశాఖలో ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12. నేనప్పుడు ఇంటర్ సెకండియర్. కరెంటు లేదు, సెల్ టవర్లు లేవు. మా ఇంట్లో పలికిన వస్తువు నాన్న ట్రాన్సిస్టర్ ఒక్కటే, అదీ సెల్స్ మీద.

అందుకే నా మొదటి కోరిక, బ్యాటరీ గదిలో ఒక తీసి మార్చే ట్రే. ఒక ట్రేలో 21700 సెల్, ఇంకో ట్రేలో పెన్సిల్ సెల్స్. ఏది ఉంటే అది వేసుకుంటాం. 21700 అంటే ఏదో మోడల్ నంబర్ కాదు, 21 మిల్లీమీటర్ల మందం, 70 మిల్లీమీటర్ల పొడుగు అని అర్థం. దాని అన్న 18650 కూడా అంతే, 18, 65. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పితే కనిపించేవి ఇవే. ఎలక్ట్రిక్ కార్లలో, డ్రిల్లింగ్ మిషన్లలో, టార్చిలైట్లలో ఇవే. మంచి 21700 ఒక్కటి 5,000 ఎంఏహెచ్ ఇస్తుంది, 3.6 వోల్టులతో గుణిస్తే 18 వాట్-అవర్స్. స్కానర్ రెండు వాట్లు తాగుతుంది అనుకున్నా తొమ్మిది గంటలు. జేబులో ఇంకో రెండు సెల్స్ వేసుకుంటే రోజు గడిచిపోతుంది. చలిలోనా? లిథియం పెన్సిల్ సెల్స్ అని ఛార్జ్ చెయ్యలేనివి వస్తాయి, అవి గడ్డకట్టే చలిలో కూడా పనిచేస్తాయి. ఆ రెండో ట్రే అందుకే.

దీనికి జతగా ఇంకోటి కావాలి. మీ ఫోన్ స్క్రీన్ ఆఫ్‌లో ఉన్నా "హే గూగుల్" అంటే లేస్తుంది కదా. ఫోన్ మొత్తం మెలకువగా ఉండదు, ఒక బుల్లి ప్రాసెసర్ మాత్రం చెవులు రిక్కించి ఉంటుంది. స్కానర్‌లో అలాంటి చిన్న రిసీవర్ విడిగా పెట్టాలి. అమెరికా వాతావరణ రేడియోలో ప్రమాద హెచ్చరిక ముందు 1050 హెర్ట్జ్ కూత వస్తుంది. బుల్లి రిసీవర్ ఆ కూత కోసం మాత్రం కాపు కాస్తుంది, పెద్ద రేడియో నిద్రపోతుంది. టోర్నడో వచ్చే రాత్రి తలగడ పక్కన పెట్టుకుని పడుకున్నా పొద్దున్నకి బ్యాటరీ మిగిలి ఉంటుంది. ఇది కొత్తగా కనిపెట్టాల్సిన పని కాదు.

ఛార్జింగ్ పోర్టు. యూరప్‌లో 2024 డిసెంబర్ 28 నుంచి ఫోన్లు, ట్యాబ్లెట్లు, కెమెరాలు లాంటివాటికి యూఎస్‌బీ సి తప్పనిసరి చేశారు. ఆ జాబితాలో స్కానర్ లేదు. బాగా అమ్ముడుపోయే యూనిడెన్ బీసీ125ఏటీలో ఇప్పటికీ మినీ యూఎస్‌బీ. ఆ కేబుల్ కొనాలంటే మా తమ్ముడు "అన్నయ్యా, ఇది ఏ పురావస్తు శాఖ వాళ్ల దగ్గర దొరుకుద్ది?" అన్నాడు. కొత్త మోడళ్లలో సి పోర్టు మెల్లిగా వస్తోంది, సంతోషం. కానీ రంధ్రం సి అయితే సరిపోదు. కొన్ని చవక గాడ్జెట్లు గమనించారా, డబ్బాలో వచ్చిన కేబుల్‌తోనే ఛార్జ్ అవుతాయి, మీ ఫోన్ సి టు సి కేబుల్ పెడితే ఉలకవు పలకవు. కారణం రెండు రెసిస్టర్లు. పోర్టులో సీసీ1, సీసీ2 అని రెండు పిన్నులు ఉంటాయి, ఒక్కోదానికి 5.1 కిలో ఓమ్ రెసిస్టర్ పెడితేనే ఛార్జర్ "ఓహో, ఎవరో ఉన్నారు" అని కరెంటు వదుల్తుంది. పైసల్లో పోయే పార్టులు. అవి మింగేసి సి పోర్ట్ అని డబ్బా మీద రాయడం నాకు నచ్చదు. అలాగే ఛార్జ్ అవుతుంటే స్కానర్‌లో గుర్రుమనే శబ్దం రాకూడదు. ఛార్జింగ్ సర్క్యూట్ కూడా చిన్న రేడియో ట్రాన్స్‌మిటర్ లాంటిదే, దానికి లోహపు కవచం వెయ్యాలి.

ఇక ఫిల్టర్లు. ఇది కంటికి కనిపించదు కాబట్టి ఎవరూ అడగరు, కంపెనీలు కూడా ముందు ఇక్కడే ఖర్చు తగ్గిస్తాయి. కాస్త లెక్క చేద్దాం. మీ ఊళ్లో 93.5లో ఒక ఎఫ్‌ఎం, 106.4లో ఒక ఎఫ్‌ఎం ఉన్నాయి అనుకోండి. వాటి టవర్లు బాగా దగ్గర. అంత బలమైన సిగ్నల్స్ రెండూ స్కానర్ లోపలి యాంప్లిఫయర్‌లో పడితే అది తట్టుకోలేక వాటిని కలిపి కొత్త సిగ్నల్స్ పుట్టిస్తుంది. అందులో ఒకటి ఎక్కడ పడుతుందంటే, 106.4ని రెండుతో గుణించి 93.5 తీసెయ్యండి. 119.3. విమానాలు మాట్లాడుకునే బ్యాండ్ 118 నుంచి 137 మెగాహెర్ట్జ్. అంటే టవర్ పైలట్‌తో మాట్లాడాల్సిన చోట మీకు సినిమా పాట లీలగా వినిపిస్తుంది. అక్కడ ఆ పాట ఎవరూ ప్రసారం చెయ్యట్లేదు, మీ స్కానర్ కడుపులో పుట్టిన దెయ్యం అది. దీన్నే ఇంటర్‌మాడ్యులేషన్ అంటారు. పెద్ద యాంటెనా పెడితే తగ్గదు, పెరుగుతుంది.

మీ ఫోన్‌లో పదుల సంఖ్యలో ఫిల్టర్లు ఉన్నాయి, ఒక్కోటి నూకంత ఉంటుంది. 4జీ, 5జీ, వైఫై, బ్లూటూత్ ఒకదాన్నొకటి తొక్కుకోకుండా ఉండేది వాటి వల్లే. ఆ ఫిల్టర్లు మన బ్యాండ్లకి సరిపోవు, నిజమే, కింది ఫ్రీక్వెన్సీలకి కాయిల్స్ కావాలి, అవి కాస్త చోటు తింటాయి. అయినా బ్యాండ్‌కో ఫిల్టర్ పెట్టి, ఏ బ్యాండ్ వింటుంటే దానిదే స్విచ్ అయ్యేలా చెయ్యడం కష్టం కాదు. ఎఫ్‌ఎం బ్యాండ్‌ని అడ్డుకునే ఫిల్టర్ ఒకటి ఎప్పుడూ ఉండాలి. దీనికోసం స్కానర్ అర సెంటీమీటర్ లావైతే నాకు అభ్యంతరం లేదు. సన్నగా ఉండటం ఫోన్‌కి అందం, దీనికి అనవసరం.

యాంటెనా కనెక్టర్ గురించి ఒక్క మాట. ఎస్‌ఎంఏ అనే చిన్న మరకనెక్టర్‌ని మామూలుగా ఐదొందల సార్లు తిప్పడానికే రేట్ చేస్తారు. పైగా యాంటెనా వంగిన ప్రతిసారీ ఆ బరువు లోపల బోర్డు మీద పడుతుంది. పాత బీఎన్‌సీ అయితే పావు తిప్పు, క్లిక్, అయిపోయింది. నాకు బీఎన్‌సీ ఇచ్చెయ్యండి. లేదంటే ఎస్‌ఎంఏని బోర్డుకి కాకుండా లోహపు ఫ్రేమ్‌కి బిగించండి.

తర్వాతది కొంచెం పెద్ద కోరిక. చేతి స్కానర్‌లో చాలావరకు ఇప్పటికీ ఒక్కటే చెవి. అది ఫైర్ ఛానల్ వింటుంటే అంబులెన్స్ ఛానల్‌లో ఏం జరిగిందో దానికి తెలీదు. 2012లో కొందరు ఔత్సాహికులు ఒక విషయం బయటపెట్టారు. టీవీ చూడ్డానికి కంప్యూటర్‌కి పెట్టుకునే చవక యూఎస్‌బీ స్టిక్, అందులో ఆర్‌టీఎల్2832యూ అనే చిప్ ఉంటుంది, దాంతో రెండు మెగాహెర్ట్జ్ పైచిలుకు వెడల్పు మొత్తాన్ని ఒకేసారి కంప్యూటర్‌లోకి లాగొచ్చు అని. ముప్ఫై డాలర్ల వస్తువు. ఆ వెడల్పులో ఎన్ని ఛానళ్లుంటే అన్నీ ఒకేసారి రికార్డ్ చేసుకోవచ్చు. ఏడొందల డాలర్ల స్కానర్ ఆ పని ఎందుకు చెయ్యదు అని అడిగితే న్యాయమైన ప్రశ్నే, కానీ జవాబు కూడా ఉంది. ఆ స్టిక్‌లో కొలతబద్ద 8 బిట్లది, అంటే 256 మెట్లు. పెళ్లి బ్యాండు పక్కన నిలబడి ఎవరో గుసగుసలాడితే వినాలంటే 256 మెట్లు చాలవు. బ్యాండు మోతకే మెట్లన్నీ అయిపోతాయి. 14 బిట్లయితే 16,384 మెట్లు. అలాంటి చిప్, దాని డేటాని నమలగల ప్రాసెసర్ పెడితే బ్యాటరీ గబగబా తాగేస్తుంది. కాబట్టి ఇది ఎప్పుడూ ఆన్‌లో ఉండక్కర్లేదు. ఛార్జర్‌కి పెట్టినప్పుడు నాలుగు ఛానళ్లు ఒకేసారి రికార్డ్ చెయ్యి, జేబులో ఉన్నప్పుడు పాత పద్ధతిలో తిరుగు. బ్యాటరీకీ దీనికీ పోటీ వస్తే నేను బ్యాటరీ వైపే.

మిగతావి గబగబా. స్పీకర్ గట్టిగా ఉండాలి, రోడ్డు మీద వినపడాలి. డిస్పాచర్ అరుస్తాడు, నిచ్చెన మీదున్న ఫైర్‌మ్యాన్ గొణుగుతాడు, ఇద్దరూ ఒకే మోతాదులో వినిపించేలా ఆడియో చిప్ సర్దాలి. బ్లూటూత్ ఇవ్వండి, 3.5 జాక్ మాత్రం తియ్యకండి. స్క్రీన్ ఎండలో కనపడాలి. కొన్ని స్పోర్ట్స్ వాచీల్లో ఎండ పడేకొద్దీ ఇంకా బాగా కనిపించే స్క్రీన్ ఉంటుంది చూడండి, అది. జీపీఎస్ లోపలే ఉంటే ఊరు మారినప్పుడల్లా అదే ఆ ఊరి ఛానళ్లకి మారిపోతుంది. వాన తట్టుకోవాలి.

టచ్ స్క్రీన్ వద్దు. ఈ మాట అంటే మీరు నన్ను తాతయ్యలా చూస్తారని తెలుసు. మైనస్ 19లో రెండు జతల గ్లౌజులు వేసుకుని టచ్ స్క్రీన్ మీద వాల్యూమ్ తగ్గించి చూడండి. ఒక నాబ్, పెద్ద బటన్లు. చీకట్లో వేలికి తెలియాలి.

"బ్రో, ఫోన్‌లో యాప్ ఉంది కదా, దానికి ఇదంతా ఎందుకు" అని చాలామంది అడిగారు. ఉంది. బ్రాడ్‌కాస్టిఫై లాంటివాటిలో వందల ఊళ్ల రేడియోలు వినొచ్చు. కానీ ఆ యాప్‌లో మీకు వచ్చే శబ్దం ఎక్కడిది? ఆ ఊళ్లో ఎవరో ఒకాయన తన ఇంట్లో స్కానర్ పెట్టి, దాన్ని ఇంటర్నెట్‌కి కలిపి మనకి వదులుతున్నాడు. ఆయనింట్లో కరెంటు పోతే మీ యాప్ మూగబోతుంది. మీ దగ్గర టవర్ పోయినా అంతే.

హార్డ్‌వేర్‌తో తీరని సమస్య కూడా ఒకటుంది, ఎన్‌క్రిప్షన్. అమెరికాలో చాలా నగరాల పోలీసులు తమ మాటల్ని తాళం వేసుకుంటున్నారు. న్యూయార్క్ పోలీసులు 2023లో మొదలుపెట్టారు. ఆ తాళం ఏ స్కానరూ తియ్యదు, తీసే స్కానర్ కావాలని నేను అడగను కూడా. బాధితుల పేర్లు, అడ్రసులు గాల్లో తిరగకూడదు అనే వాదనలో నిజముంది. కానీ ఏ వీధిలో మంటలున్నాయో కూడా జనానికి వినపడకుండా మొత్తం మూసెయ్యడం నాకు ఒప్పు కాదు. దీని వల్ల ఇంకో నష్టం ఉంది. వినడానికి ఏమీ లేకపోతే కొనేవాళ్లు తగ్గుతారు, కొనేవాళ్లు తగ్గితే కంపెనీ కొత్త హార్డ్‌వేర్ మీద డబ్బు పెట్టదు. పాత పెట్టెకే కొత్త రంగు వేసి అమ్ముతుంది. తాళాల గురించి మాట వచ్చింది కాబట్టి, అమెరికా స్కానర్లలో 800 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక ముక్క కావాలనే వినపడకుండా చేసి ఉంటుంది. అనలాగ్ సెల్‌ఫోన్ల మాటలు పక్కవాళ్లు వినకూడదని 1994 నుంచి ఉన్న రూల్. అనలాగ్ సెల్‌ఫోన్లు పోయి ఎన్నేళ్లయిందో, ఆ గోడ మాత్రం అలాగే ఉంది.

అందుకే నా కోరికల్లో ఎక్కువ భాగం ఫోన్ల వాళ్లు, టార్చిలైట్ల వాళ్లు ఇప్పటికే చవక చేసిపెట్టిన పార్టులే. సెల్ ట్రే, రెండు రెసిస్టర్లు, బుల్లి ప్రాసెసర్, మంచి స్పీకరు. చిన్న మార్కెట్ ఉన్న కంపెనీ కూడా వీటిని భరించగలదు. ఫిల్టర్లకి కాస్త ఇంజనీరింగ్ కావాలి. పధ్నాలుగు బిట్ల చిప్ ఇంకో రెండు మోడళ్ల తర్వాత ఇచ్చినా సర్దుకుంటాను.

ఇక ఇండియా. ఇక్కడ లైసెన్స్ లేకుండా ఇలాంటి వైర్‌లెస్ పరికరాలు దగ్గర పెట్టుకోవడానికి వీల్లేదని 1933 చట్టం నుంచీ ఉంది. ఆ పాత చట్టాల స్థానంలోకి 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చింది. పర్మిషన్ లేని వాకీటాకీలు ఆన్‌లైన్‌లో అమ్మడం మీద 2025లో కేంద్రం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. అమెరికాలో ఉన్న అన్నయ్యతో సూట్‌కేస్‌లో తెప్పించుకుందాం అనుకోకండి. నా స్కానర్ కూడా డాలస్‌లో మా రూమ్మేట్ దగ్గరే వదిలి వచ్చాను. రేడియో మీద నిజంగా ఆసక్తి ఉంటే దారి ఉంది, హామ్ లైసెన్స్. ప్రభుత్వం పెట్టే పరీక్ష రాస్తే హామ్ బ్యాండ్లలో వినొచ్చు, మాట్లాడొచ్చు కూడా. హైదరాబాద్‌లో 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, మన రాష్ట్రాల్లో చాలామంది అక్కడే మొదలుపెట్టారు. అంతరిక్ష కేంద్రం మన నెత్తి మీదుగా వెళ్లేటప్పుడు 145.800 మెగాహెర్ట్జ్‌లో వ్యోమగాములు స్కూలు పిల్లలతో మాట్లాడుతుంటారు. అది చిన్న యాంటెనాతో డాబా మీద నుంచే వినపడుతుంది. పరీక్షకి ఏం చదవాలి, ఎలా అప్లై చెయ్యాలి అనేది వచ్చే ఎపిసోడ్‌లో.